పేరు రాసి పెట్టిన సంచులు

ఇరవై ఎనిమిదేళ్ళు పాల ఫ్యాక్టరీలో లారీలు పంపించిన మనిషి, యాభై మూడో ఏట యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి వెళ్ళింది.

ఫ్యాక్టరీలో ఆవిడ డిస్పాచ్ మేనేజరు. రోజుకు రెండు లక్షల ప్యాకెట్లు ఆవిడ మాట మీద గేటు దాటేవి. ఏ లారీ ఏ దారిన పోవాలో, ఏ వీధిలో ఎన్ని ట్రేలు దించాలో, వాన పడితే ఏ ఏజెంటు తక్కువ తీసుకుంటాడో, బడులకు సెలవులిస్తే ఏ పేటలో గిరాకీ పడిపోతుందో కాగితం చూడకుండా చెప్పేది. యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ విభాగం పెద్దాయన ఒకసారి విద్యార్థుల్ని ఫ్యాక్టరీకి తీసుకొచ్చాడు. ఆవిడ చెప్పేదంతా గంటసేపు నిలబడి విన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మా దగ్గరికొచ్చి సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చెప్పకూడదూ" అన్నాడు. మర్యాదకన్నాడో, మనసులోంచే అన్నాడో తెలియదు. ఆవిడ మాత్రం రెండు నెలలు తిరక్కుండా రాజీనామా ఇచ్చేసి ఆయన గది తలుపు తట్టింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒకప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చినా ఆవిడ చూపూ తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

"ఇన్నాళ్ళూ లారీ డ్రైవర్లని అదిలించావు. ఆ పిల్లల్ని అదిలిస్తే ఊరుకుంటారటే అమ్మాయ్?"

"అదిలించను అత్తయ్యా. అర్థమయ్యేలా చెబుతాను."

"మరి డ్రైవర్లకి అర్థమయ్యేలా చెప్పలేకే అదిలించావా?"

భర్త నవ్వాపుకోలేక పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈ పని తనకు చేతనవుతుందన్న విషయంలో కోడలికి రవ్వంత కూడా అనుమానం లేదు.

మొదటి రోజు క్లాసులో అరవై మంది. ముందు పనిచేసినాయన తయారుచేసిన స్లైడులు తెరమీద వేసి చదవడం మొదలుపెట్టింది. పావుగంటకల్లా వెనక బెంచీల్లో తలలు వాలిపోయాయి. ఎంత సరుకు ఒకేసారి తెప్పించుకుంటే మేలో చెప్పే సూత్రం దగ్గరికొచ్చేసరికి కిటికీ పక్క కుర్రాడు చెయ్యెత్తాడు.

"మేడం, మీరు ఫ్యాక్టరీలో ఈ సూత్రం వాడారాండీ?"

"లేదు," అంది ఆవిడ.

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వి, ప్రొజెక్టరు ఆపేసి, చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఒక వంతెన గీసింది. "ఒకరోజు పొద్దున ఈ వంతెన మూసేశారు. అవతల ఒడ్డున నలభై వేల ఇళ్ళు. ఇవతల నా దగ్గర పదకొండు లారీలు. ఎండ ఎక్కుతోంది. ఇప్పుడు మీరైతే ఏం చేస్తారో చెప్పండి," అంది. తర్వాత గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆ వారంలోనే ఆవిడకు పాల మేడం అన్న పేరు స్థిరపడింది. పక్క క్లాసుల వాళ్ళు కూడా వచ్చి మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళు. లారీల కథలు, మొండి ఏజెంట్ల కథలు, బాయిలరు చెడిపోయిన రోజు కథ. తాను పుట్టిందే ఈ ఉద్యోగానికనిపించింది ఆవిడకు. ఆరు వారాలు అలా గాల్లో తేలుతూ గడిచిపోయాయి.

ఏడో వారం పరీక్ష పెట్టారు. పేపర్లు దిద్దింది విభాగంలో అందరికంటే సీనియరు. ముప్పై రెండేళ్ళుగా అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాయన. ఆయన్ని పిల్లలు సూత్రాల మాస్టారంటారు. ఆయన పాల మేడంని పిలిచి, పేపర్ల కట్ట బల్లమీద పెట్టి, చేతులు దాని మీద ఆనించాడు.

"అమ్మా, మీ పిల్లలు కథలు బ్రహ్మాండంగా రాశారు. వంతెన కథ యాభై మంది రాశారు. లెక్క ఒకటిచ్చాను. అది నలుగురు చేశారు."

"లెక్కలదేముంది మాస్టారూ, పనిలోకి దిగితే అవే వస్తాయి."

"మీకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది కదమ్మా. వీళ్ళకి రెండేళ్ళే ఉన్నాయి."

ఆ మాట సూటిగా తగిలింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని పేపర్లన్నీ తిరగేసింది. మాస్టారన్నది నిజమే. తన అనుభవం పిల్లల చెవుల్లోకి వెళ్ళింది గానీ చేతుల్లోకి రాలేదు. కోపం రావలసిన చోట ఆవిడకు పని కనిపించింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కొత్త నోటుపుస్తకం పట్టుకుని మాస్టారి గదికి వెళ్ళింది.

"నాకు లెక్కలు నేర్పండి. మొదటి పేజీ నుంచి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "హేళన చేస్తున్నారా?"

"హేళనకైతే పుస్తకం కొనుక్కుని వస్తానా?"

ఆ రోజు నుంచి రోజూ నాలుగింటికి ఆవిడ ఆయన గదిలో విద్యార్థి. ఆయన సూత్రం చెబుతాడు, ఆవిడ దానికి ఫ్యాక్టరీలోంచి ఒక ఉదాహరణ పట్టుకొస్తుంది. తాను అలవాటు కొద్దీ చేసినదానికి చాలాచోట్ల ఒక సూత్రం ఉందని తెలిసి ఆశ్చర్యపోయింది. అందులో కొన్ని ఏళ్ళతరబడి తప్పుగా చేశానని కూడా తెలిసింది. అది ఆయనకు చెప్పేసి, నోటుపుస్తకంలో రాసుకుంది.

అలాంటి రోజుల్లో క్లాసులో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ అమ్మాయి మాట పక్క వాళ్ళకు కూడా వినపడదు. అందుకే అందరూ గుసగుస అని పిలుస్తారు. పాల మేడం దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గితే గానీ ప్రశ్న అర్థం కాలేదు.

"మా పిన్నికి ఆపరేషనండీ, మన యూనివర్సిటీ ఆసుపత్రిలోనే. రెండుసార్లు వాయిదా పడింది. బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్లు లేవన్నారు. కానీ అక్కడ పనిచేసే నా స్నేహితురాలు చెప్పింది, వాళ్ళు లేవన్న రోజే నాలుగు సంచులు గడువు దాటి పారేశారట. ఒకే గదిలో లేకపోవడం, ఎక్కువైపోవడం రెండూ ఎలా జరుగుతాయండీ?"

పాల మేడం ఆ ప్రశ్నను అందరికీ వినపడేలా మళ్ళీ చెప్పి బోర్డు మీద రాసింది. "పాల వ్యాపారంలో నేను రోజూ చూసింది ఇదే," అంది. "పదండి, వెళ్ళి చూద్దాం."

బ్లడ్ బ్యాంకు డాక్టరు పొడుగాటి మనిషి. మాటలు పొదుపుగా వాడతాడు. ఆవిడ చెప్పేదంతా నిలబెట్టే విన్నాడు.

"రక్తం పాల ప్యాకెట్టు కాదండీ."

"కాదు. పాలు విరిగితే ఇంకో ప్యాకెట్టు కొనుక్కుంటారు. ఇక్కడ అది కుదరదు. ఆ భయంతోనే వచ్చాను డాక్టరు గారూ. దేన్నీ ముట్టుకోం. మూడు వారాలు మూల నిలబడి లెక్క రాసుకుంటాం, అంతే."

ఆయన ఆవిడ వెనక నిలబడ్డ పిల్లల్ని చూశాడు. "చెప్పులు బయట విప్పి రండి," అన్నాడు.

లోపల నెమ్మదిగా అటూ ఇటూ ఊగే అరల యంత్రం ఒకటి ఉంది. ఆ అరల మీద లేత పసుపు రంగు సంచులు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే బతుకుతాయి, అదీ అలా ఊపుతూ ఉంటేనే. చాలా సంచులకు దారంతో అట్టముక్కలు కట్టి ఉన్నాయి. పాల మేడం ఒక్క చూపు చూసి పిల్లలతో, "కొత్తవి ముందు పెడుతున్నారు, పాతవి వెనక్కి పోయి మురిగిపోతున్నాయి. రాసి పెట్టుకోండి. మూడు వారాల తర్వాత ఇదే తేలుతుంది," అంది. ఫ్యాక్టరీ కోల్డ్ రూములో ఆవిడ ఈ తప్పు వందసార్లు పట్టుకుంది.

పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ప్రతి సంచీ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది, ఎవరడిగారు, ఎవరికి లేదన్నారు, అన్నీ రాశారు. మూడు వారాలయ్యాక గుసగుస కాగితాలు పట్టుకుని బోర్డు దగ్గరికొచ్చింది. చాలాసేపు చాక్‌పీసు తిప్పుతూ నిలబడింది.

"మేడం, మీరు చెప్పింది తప్పండీ."

ఈ మాట మాత్రం వెనక బెంచీ దాకా వినపడింది.

"ఎలా?"

"టెక్నీషియన్ గారు ప్రతిసారీ పాతదే ముందు తీసిచ్చారు. ఒక్కసారి కూడా తప్పలేదు. మూడు వారాల్లో పారేసినవి నలభై నాలుగు. అందులో ముప్పై ఏడింటికి రోగి పేరు రాసిన అట్ట కట్టి ఉంది."

పాల మేడం కాగితాలు అందుకుని నిలబడే చదివింది. సంగతి తేటగా కనిపిస్తోంది. వార్డు వాళ్ళు ముందు జాగ్రత్తగా సంచులు అడుగుతారు. బ్లడ్ బ్యాంకు వాళ్ళు పేరు రాసి కట్టి పెడతారు. రోగికి అవసరం పడదు, లేదా ఆపరేషను మారుతుంది. అది ఎవరూ ఫోను చేసి చెప్పరు. పేరున్న సంచి ఇంకొకరికి ఇవ్వరు. ఆ వేళకు అరల మీద ఇరవై సంచులున్నాయి. పేరు లేనివి మూడు.

"నేను చూసి చెప్పాను. ఈ అమ్మాయి లెక్కపెట్టి చెప్పింది," అంది ఆవిడ క్లాసుతో. "ఇకమీద నేను ఏదైనా చూసి చెబితే, లెక్కపెట్టారా మేడం అని అడగండి." ఆ సాయంత్రం నాలుగింటికి మాస్టారితో ఈ సంగతి చెబుతూ ఎంత సంబరపడిందంటే, ఆయనే, "ఓడిపోయింది మీరే కదమ్మా?" అని మళ్ళీ అడగవలసి వచ్చింది.

అందరికంటే ఎక్కువ సంచులకు పేరు కట్టించేది క్యాన్సర్ వార్డు పెద్ద సిస్టర్. రెండు కావలసిన చోట నాలుగు అడుగుతుంది. పిల్లలు ఆవిడ మీద మండిపడ్డారు. పాల మేడం వాళ్ళనెవర్నీ తీసుకెళ్ళకుండా ఒక్కతే వెళ్ళి, మధ్యాహ్నం వార్డు సర్దుమణిగే దాకా బయట బెంచీ మీద కూర్చుంది.

సిస్టర్ వచ్చీ రాగానే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడం? డాక్టరు గారికి లేని బాధ మీకెందుకు?" అంది.

"బాధపెట్టడానికి రాలేదు సిస్టర్. రెండు చాలినప్పుడు నాలుగెందుకు అడుగుతున్నారో తెలుసుకుందామని వచ్చాను. మీకేదో కారణం ఉండే ఉంటుంది."

సిస్టర్ బెంచీ చివర కూర్చుంది. "పోయినేడు రెండు అడిగాను. ఒక్కటీ లేదన్నారు. ఆరు గంటలు పట్టింది రావడానికి. ఆ ఆరు గంటలూ ఆ మనిషి పక్కన నిలబడింది నేను. ఇంకెప్పుడూ అలా నిలబడకూడదనుకున్నాను. అంతే."

"మా దగ్గర ఒక ఏజెంటు ఉండేవాడు," అంది పాల మేడం. "ముప్పై ట్రేలు చాలినచోట నలభై అయిదు రాసేవాడు. రెండేళ్ళు నేనాయన్ని దొంగనుకున్నాను. తర్వాత పాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఒక ఎండాకాలమంతా మేమే ఆయన అడిగిందాంట్లో సగం పంపించాం. ఆయనకి అబద్ధం నేర్పింది మేమే."

సిస్టర్ తలెత్తి చూసింది.

"ఒక్క నెల ఇవ్వండి. మీకెన్ని కావాలో అన్నే అడగండి. పేరు కట్టిన అట్ట మర్నాడు పొద్దున పదింటి దాకానే ఉంటుంది. ఇంకా కావాలంటే ఒక్క ఫోను చేయండి, ఉంచుతారు. లేకపోతే విప్పేస్తారు. విప్పాక మళ్ళీ అవసరం పడితే అరగంటలో సంచి మీ వార్డులో ఉంటుంది. ఒక్కసారి ఆ మాట తప్పినా మీ పాత పద్ధతే మీది. నేనే వచ్చి డాక్టరు గారికి చెబుతాను."

"అరగంటంటే అరగంటే?"

"లారీలకే నేను నిమిషాలు చూసేదాన్ని."

మాట ఇచ్చేసింది గానీ, అది నిలబడాలంటే పేరు లేని సంచులు రోజూ ఎన్ని ఉండాలో తేలాలి. ఆవిడ సూత్రాల మాస్టారిని బ్లడ్ బ్యాంకుకు బయల్దేరదీసింది. అదే ఆవరణలో ముప్పై రెండేళ్ళున్నా ఆయన అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. వచ్చినాయన తిన్నగా డాక్టరు ఎదురుగా కూర్చుని కాగితం పరిచాడు.

"డాక్టరు గారూ, ఒక మనిషికి సంచి లేదని చెప్పడం, ఎన్ని సంచులు పారేయడంతో సమానం అనుకుంటారు?"

డాక్టరు కాగితం తనవైపు తిప్పుకున్నాడు. "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు."

"సూత్రానికి కావాలండీ. ఆ ఒక్క అంకె మీరే చెప్పాలి. పుస్తకంలో ఉండదు."

డాక్టరు కుర్చీలోంచి లేచి అరల దాకా వెళ్ళి వచ్చాడు. "ఇరవై," అన్నాడు చివరికి.

మాస్టారు అంకె వేసి, పిల్లలు రాసిన మూడు వారాల లెక్కలు ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. పిల్లలు ఆయన భుజాల మీదుగా తొంగి చూస్తున్నారు. పాల మేడం ఓపిక పట్టలేక, "పదిహేను," అంది. ఆయన తలెత్తకుండా లెక్క పూర్తిచేసి కింద గీత గీశాడు. "పద్నాలుగు పాయింట్ తొమ్మిది." ఆ గదిలో డాక్టరు నవ్వడం పిల్లలు చూసింది అప్పుడే.

డాక్టరు అన్ని వార్డులకూ అదే పద్ధతి పెట్టాడు. మొదటి వారం సిస్టర్ రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి, అట్ట విప్పలేదు కదా అని అడిగేది. రెండో వారం రోజుకు ఒకసారి. ఆ వారంలోనే గుసగుస పిన్ని ఆపరేషను చెప్పిన తేదీకి చెప్పిన వేళకు జరిగింది. ఆ అమ్మాయి ఒక్క పూట సెలవు తీసుకుని, మధ్యాహ్నానికి మళ్ళీ వంతు పనికి వచ్చేసింది.

మూడో వారం శనివారం పొద్దున్నే కుండపోతగా వాన. రక్తం ఇచ్చేవాళ్ళు రావలసిన శిబిరం ఆగిపోయింది. తొమ్మిదింటికి అరల మీద పేరు లేని సంచులు ఏడే ఉన్నాయి. వంతులో ఉన్నది గుసగుస. పాల మేడం గొడుగు మడుస్తూ లోపలికి వచ్చేసరికి ఆ అమ్మాయి బోర్డు మీద ఏడు అంకె చుట్టూ గీత గీసి నిలబడి ఉంది.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"అయిపోయాక అడిగితే ఎవరి దగ్గరా ఉండవండీ. వాన అందరికీ పడుతోంది. ఇప్పుడే అడగాలి."

"మరి అడుగు."

"నేనా?"

"లెక్క నీది. నాకంటే నువ్వే బాగా చెబుతావు."

డాక్టరు ఫోను ఆ అమ్మాయి వైపు జరిపాడు. అవతల ఇంకో ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు. వాళ్ళకు మొదట మాట వినపడలేదు. గుసగుస గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పింది. మూడోసారికి నడవాలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఎనిమిది సంచులు కావాలి, మధ్యాహ్నం లోపు కావాలి, సోమవారం తిరిగి ఇచ్చేస్తాం. వాళ్ళు ఆరు ఇస్తామన్నారు. ఏ దారిలో నీళ్ళు నిలుస్తాయో, ఏ దారిన వస్తే ఆలస్యం కాదో పాల మేడం ఆసుపత్రి డ్రైవరుకు మలుపు మలుపూ చెప్పి పంపింది. పన్నెండింటికి ఆరు సంచులూ ఊగే అరల మీదకు చేరాయి. ఒంటిగంటన్నరకు ప్రసూతి వార్డు నుంచి అయిదు కావాలని కబురొచ్చింది. మూడింటికి క్యాన్సర్ వార్డు సిస్టర్ ఫోను చేసి మూడు అడిగింది. ఇరవై రెండు నిమిషాల్లో మూడూ ఆవిడ చేతిలో ఉన్నాయి. ఆవిడ టైము చూసుకుని సంతకం పెట్టిందని తీసుకెళ్ళిన కుర్రాడు చెప్పాడు.

నెల ముగిశాక లెక్క చూశారు. అంతకు ముందు నెలలో పారేసినవి అరవై రెండు, లేదన్నవి ముప్పై ఒకటి. ఈ నెల పారేసినవి పదిహేడు, లేదన్నవి నాలుగు. క్లాసు చప్పట్లతో మారుమోగింది. పాల మేడం చప్పట్లు ఆగేదాకా ఆగి, "ఆ నాలుగూ రాయండి," అంది. ఏ రోజు, ఏ వేళ, ఏ వార్డు, ఎందుకు లేదనవలసి వచ్చింది, ఆ తర్వాత ఆ రోగికి ఏమైంది. నలుగురూ కోలుకున్నారని తేలేదాకా ఆ పని మీంచి పిల్లల్ని కదలనివ్వలేదు. నాలుగింటిలో క్యాన్సర్ వార్డుది ఒక్కటీ లేదు.

చివరి పరీక్షలో మాస్టారు లెక్కలు మూడిచ్చాడు. మూడూ చేసినవాళ్ళు నలభై ఏడు మంది. ఆయన పేపర్ల కట్ట తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టి, "వచ్చే ఏడు ఈ క్లాసు మనిద్దరం కలిసి చెబుదామమ్మా. మీకు అభ్యంతరం లేకపోతే," అన్నాడు.

"నాకేం అభ్యంతరం? ఒకే ఒరలో రెండు కత్తులని జనం నవ్వుతారేమో."

"నాది కత్తి కాదులెండి, స్కేలు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్తగారు దారం కొరికి, "మొత్తానికి ఎవర్నీ అదిలించకుండా నెట్టుకొచ్చావన్నమాట," అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు రాదని కోడలికి తెలుసు.

మరుసటి ఏడు మొదటి క్లాసు. కొత్త పిల్లలు అరవై నలుగురు. మాస్టారు బోర్డు తుడుస్తున్నాడు. పాల మేడం నోరు తెరవబోతుండగా తలుపు దగ్గర తెల్ల యూనిఫారం కనిపించింది. పెద్ద సిస్టర్. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, నుదుట చెమట.

"క్లాసులో ఉన్నట్టున్నారు. తర్వాత వస్తాను."

"పరవాలేదు, చెప్పండి."

"మా వార్డులో దుప్పట్ల సంగతండీ. ఉతికించినవి ఎప్పుడూ చాలవు. లాండ్రీ వాళ్ళనడిగితే గది నిండా ఉన్నాయంటారు. వాళ్ళు చెప్పేదీ నిజమే, నేను చూసొచ్చాను. మరి మాదాకా ఎందుకు రావట్లేదో అర్థం కావట్లేదు."

పాల మేడంకు ఒక సమాధానం నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి, చాక్‌పీసు సిస్టర్ చేతిలో పెట్టింది. "ఇదంతా మా పిల్లలకి మొదటి నుంచి చెప్పండి. ఒక దుప్పటి మీ వార్డు నుంచి బయల్దేరి మళ్ళీ మీ వార్డుకు వచ్చేదాకా ఎక్కడెక్కడ ఆగుతుందో గీయండి."

"నాకు బోర్డు మీద రాయడం అలవాటు లేదండీ."

"నాకూ ఉండేది కాదు," అని పాల మేడం వెళ్ళి ముందు బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య సర్దుకుని కూర్చుంది. పక్క పిల్లవాణ్ణి పెన్ను అడిగి తీసుకుని నోటుపుస్తకం తెరిచింది. సిస్టర్ ఒక్క క్షణం తటపటాయించి, బోర్డు మీద ఒక మంచం గీసింది.